చిన్నాయన మెడకు అవ్వ పూసిన పౌడరు

నా చిన్నప్పుడు ఉదయగిరిలోని మా ఇంట్లో పౌడరు డబ్బా అటక మీద ఉండేది. అది కిందికి దిగిందంటే ఎవరో తెల్లబడాలని చూస్తున్నారని అర్థం. తెల్లబడబోయి తెల్లబోవడం మాత్రం ఒక్క మా చిన్నాయనకే చెల్లింది.

నాయనకు తమ్ముడాయన. సేద్యం పనిలో ఎండకు కాగి నిగనిగలాడే నలుపు. ఆ రోజు ఆత్మకూరులో పెళ్లిచూపులు. అంతకుముందు ఒక సంబంధం వాళ్లు, గడ్డం గీసుకున్నాక ఆయన మెడ మీద లేచిన పొక్కులు చూసి, చర్మరోగమని అనుమానపడి తప్పుకున్నారు. ఇదీ తప్పితే ఇక పెళ్లి మాటే ఎత్తవద్దని చిన్నాయన తేల్చి చెప్పేశాడు.

ఆ పంతమంతా బ్లేడు మీద చూపించాడు. కిందికీ పైకీ లాగి లాగి గీశాడు. మెడంతా కందిపోయింది. మంటకు ఓర్చుకోలేక, తడి కూడా తుడుచుకోకుండా డబ్బా వంచి పౌడరు గుమ్మరించుకున్నాడు. అది ముద్ద కట్టి, గాట్ల దగ్గర ఎర్రగా తడిసి, మొహం పాత సున్నం గోడలా తయారైంది. నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

బయట నాయన తొందరపెడుతున్నాడు. “బస్సు వచ్చే టైమైందిరా, ఏంది ఇంకా ఆ సింగారం?”

అప్పుడొచ్చింది మా అవ్వ. కొడుకు మొహం చూసి తిట్టలేదు, నవ్వలేదు. “పోతే పోనీరా ఆ బస్సు. ఇంకోటి వస్తాది. వీడికి మొహం ఒకటే కదా ఉండేది” అంది.

కడవలోని చల్లని నీళ్లతో ఆ పౌడరంతా కడిగించింది. తన పాత నూలు చీర కొంగుతో రుద్దకుండా అద్దింది. వసారాలో నీడన కూర్చోబెట్టి, చేతులు తొడల కింద పెట్టుకోమంది. చెయ్యి మొహం మీదికి పోతే అరవమని నన్ను కాపలా పెట్టింది. అంత పెద్దమనిషి మీద అరిచే హక్కు దొరికినందుకు ఆయన చెయ్యి కదలకపోయినా నేను అరిచాను.

“ఎద్దు మెడ ఒరుసుకుపోతే ఏం చేస్తావురా నువ్వు?” అని అడిగింది అవ్వ.

“కడిగి ఆరనిస్తా. మానినాక కాడికి గుడ్డ చుడతా.”

“ఎద్దుకు చూపించే దయ నీ మెడకు చూపించవేందిరా?”

చర్మం బాగా ఆరి, మంట తగ్గినాక, అవ్వ చిటికెడు పౌడరు తన అరచేతిలో వేసుకుంది. రెండు చేతులూ రుద్దుకుంటే సగం గాలికి పోయింది. మిగిలిన దాన్ని గాట్లకు తగలకుండా, చొక్కా కాలరు ఒరుసుకునే చోట మాత్రం మెత్తగా అద్దింది. బుగ్గల మీద కూడా వేయమని చిన్నాయన బతిమాలాడు.

“తెల్లగా అయ్యేదానికి కాదురా ఇది, ఒరుసుకోకుండా ఉండేదానికి. నీ రంగు నీకుండాది. దాన్ని కూడా చూడనీ వాళ్లను.”

తర్వాతి బస్సుకు వెళ్లాం. ఆలస్యానికి ఆడపిల్లవాళ్లు కాస్త ముఖం ముడుచుకున్నారు. కానీ పెళ్లికూతురి మేనత్త చిన్నాయనను దగ్గరగా చూసి, “నలుపైనా నునుపుగా ఉండాడు” అంది. తలుపు చాటున గాజులు గలగలమన్నాయి. ఆ గాజుల చేతులే తర్వాత మా ఇంట్లో నాకు అన్నం పెట్టాయి.

ఇప్పుడు నాకు తల మీద దువ్వుకోవడానికి ఏమీ మిగల్లేదు గానీ, గడ్డం మాత్రం మొండిది. గీసుకున్నాక చల్లని నీళ్లతో కడిగి, అద్ది, చేతులు ముడుచుకుని కూర్చుంటాను. ఏంది, తపస్సా అంటుంది మా ఇంటావిడ. ఆరినాక చిటికెడు పౌడరు అరచేతుల్లో వేసుకుని రుద్దుతాను. సగం గాలికి పోతుంది. మిగతా సగం మెడకు. మొహాన్ని మాత్రం దాని రంగుకే వదిలేస్తాను.