మూడోసారి అనకూడని చోట

కూరగాయల మార్కెట్లో వేలంపాట నడిపించే ఆ పెద్దాయనకు మైకు అవసరం ఎప్పుడూ రాలేదు. అందుకే అందరూ ఆయన్ని మైకు అనే పిలుస్తారు. చెక్కపెట్టె ఎక్కి "ఒకటోసారి, రెండోసారి" అన్నాడంటే గేటు బయట లారీ డ్రైవర్లు కూడా టీ గ్లాసు దించి ఇటు చూడాల్సిందే. మూడోసారి అన్నాక బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఆ పాట మారదు.

అలాంటి నోటిని మూసుకుని కూర్చోమంది ఆయన కోడలు.

కోడలు పగలు ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. సాయంత్రం వంటింట్లోనే ఓ పక్క లాప్‌టాప్ పెట్టుకుని, చదరంగం ఆడే ప్రోగ్రామ్ రాసుకుంటుంది. అలాంటి ప్రోగ్రాములకు ఏటా ఒక టోర్నమెంటు ఉంది. రాసినవాళ్లు బల్ల దగ్గరకు రాకూడదని అక్కడ నియమం. ఇంకెవరో కూర్చుని స్క్రీన్ చూపించిన ఎత్తు బల్ల మీద వెయ్యాలి, ఎదుటివాళ్ల ఎత్తు కంప్యూటర్‌కు చెప్పాలి. కొడుక్కి డ్యూటీ. అత్తగారికి అంతసేపు కూర్చునే ఓపిక లేదు. ఇక మిగిలింది మైకు.

"మీరు చెయ్యి మాత్రమే మావయ్యా, నోరు కాదు. డ్రా కావాలన్నా ప్రోగ్రామే అడగాలి. స్క్రీన్ మీద వస్తేనే మీరు చెప్పాలి," అని దారి పొడుగునా నూరిపోసింది.

"నాకామాత్రం తెలీదా అమ్మాయ్," అన్నాడాయన, బస్సంతా వినేలా.

చివరి ఆట దాకా కోడలి ప్రోగ్రామ్ గెలిచిన పాపాన పోలేదు, ఒక్క డ్రా కూడా లేదు. ఇందులో అర పాయింటైనా రాకపోతే వచ్చే ఏడాది చోటు పోతుంది. ఎదురుగా ఉన్నదేమో కిందటేడు కప్పు కొట్టిన ప్రోగ్రామ్. ఆ పిల్ల ఇంటెడు చాకిరీ ముగించుకుని, నిద్ర ఆపుకుంటూ రాయడం ఆయన కళ్లారా చూశాడు. అందుకే ఆ అర పాయింటు ఆమెకన్నా ఆయనకే ఎక్కువ కావాలి.

కోడలి ప్రోగ్రామ్‌కు ఏనుగులు రెండూ పోయాయి. పని అయిపోయిందనుకుంటుండగా మంత్రి ఎదుటి రాజుకు చెక్ చెప్పింది. రాజు పక్క గడికి జరిగాడు. మంత్రి అటునుంచి మళ్లీ చెక్. రాజు మళ్లీ పాత గడికే. చెక్ ఆపితే చావే కాబట్టి మంత్రి ఆపడం లేదు. అదే స్థితి మూడోసారి వస్తే డ్రా అడగొచ్చు. వచ్చింది. స్క్రీన్ మీద మాత్రం తర్వాతి ఎత్తు తప్ప మరో ముక్క లేదు.

"మూడోసారి," అన్నాడు మైకు. అలవాటులో పొరపాటు. అదీ మార్కెట్ గొంతుతో.

హాలంతా ఇటు తిరిగింది. రిఫరీ దగ్గరకొచ్చి, "డ్రా మీ ప్రోగ్రామ్ అడిగిందా, మీరన్నారా?" అని అడిగాడు.

స్క్రీన్ మీద కనిపించి పోయిందంటే కాదనే నాథుడు లేడు. నోరా, వీపుకు దెబ్బలు తేకే అంటారు. ఈ నోరు కోడలి వీపుకు తెచ్చిపెట్టింది.

"నేనేనండి. నోరు జారింది. అది అడగలేదు."

"అయితే చెల్లదు. అది అడక్కుండా మీరడిగితే ఆట మీదవుతుంది, దానిది కాదు. ఇంకోసారి నోరు విప్పితే ఓడినట్టే. కానివ్వండి."

మైకు నాలుక పళ్ల మధ్య పెట్టుకున్నాడు. స్క్రీన్ చూపించినట్టే మంత్రిని జరిపాడు. ఈ మాయదారి మెషీన్‌కు విసుగు పుట్టి వేరే ఎత్తు వేస్తేనో? నాలుగోసారి అదే స్థితి. ఆ తర్వాత రాజు పాత గడికి ఇంకోసారి వచ్చేసరికి రిఫరీ గడియారం ఆపేశాడు.

"అయిదుసార్లు వస్తే ఎవరూ అడగక్కర్లేదు, నేనే ఇచ్చేయాలి. డ్రా. చెరో అర."

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. బయట మెట్ల మీద కోడలు నవ్వుతూ ఎదురొచ్చింది.

"చంపేశాను కదమ్మాయ్ నిన్ను," అన్నాడాయన.

"తప్పు నాదే మావయ్యా. డ్రా అని గుర్తుపట్టడం దానికి నేర్పాను, అడగడం నేర్పలేదు. ఈ వారంలో నేర్పేస్తాను."

"అంతవరకే నేర్పు. ఎక్కువైతే నాలా తయారవుతుంది."

కోడలు ఆయన చేతిలోని సంచి తను అందుకుంది. "అవనివ్వండి. ఇందాక ఈ మెట్ల దాకా వినిపించేలా 'నేనేనండి' అన్నారు చూడండి, అది ఎలా నేర్పాలో నాకు తెలీదు."