పెద్దనాయన నవ్వును చెరిపేసిన కథ

చెరువుకు గండి కొట్టినవాడు, గడ్డివామికి నిప్పంటించినవాడు ఊరికొకడుంటాడు. నేను వాళ్లందరికీ పెద్దన్నను. ఎందుకో వినండి. నవ్వొస్తే మొహమాటపడకండి.

ఫిల్మ్ రీళ్లు పోయి డిజిటల్ కెమెరాలు వస్తున్న రోజులు. పుత్తూరులో నాకో చిన్న స్టూడియో ఉండేది. చెన్నై వెళ్లి పెద్ద కెమెరా కొన్నాను. "రా ఫైలుగా తీయండి, బొమ్మలో ఏదీ పోదు" అన్నాడు అమ్మినాయన. రా అంటే పచ్చిదని అర్థం. ఆ తర్వాత కూడా ఆయన ఏదో వివరంగా చెప్పాడు గానీ, నేనప్పటికే కెమెరా మెడలో వేసుకుని అద్దంలో నన్ను చూసుకుంటున్నాను.

మొదటి ఫోటో మా పెద్దనాయనది. వడమాలపేటలో చెరుకు పండించి బెల్లం కాచేవాడు. ఫోటో అంటే ఆమడ దూరం పోయేవాడు. పెద్దమ్మ పోరగా పోరగా గానుగ దగ్గర కూర్చున్నాడు. కొత్త కెమెరాతో నాకు చేతులు వణికాయి.

"కూసోనుండేది నేను, వణికేది నువ్వేందిరా?" అని పగలబడి నవ్వాడు. టక్కున నొక్కేశాను.

కెమెరా వెనక తెరలో చూపిస్తే, "ఇది నేనేనా? బాగుండాదే! పెద్దది చేసి మీ పెద్దమ్మకియ్యి" అన్నాడు. ఆమె ఇంటి దగ్గర వంటలో ఉంది, చూడలేదు.

ఫైళ్లు కంప్యూటర్‌లోకి ఎక్కించి, కెమెరాలోని మెమరీ కార్డు తుడిచేసి, అదే కార్డును ఒక పెళ్లి ఫోటోలతో నింపుకొచ్చాను. తీరా పెద్దనాయన ఫైలు తెరవబోతే తెరుచుకోలేదు. పేరు చివర, మామూలు ఫోటోలకుండేట్టు జేపీజీ అని మార్చాను. ఇంట్లో గుండు కొట్టించుకుంటే కొండకు పోయొచ్చినట్టవుతుందా? కాలేదు. చెడిపోయాయనుకుని మొత్తం చెరిపేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసు తొక్కి, కాలే నరుక్కున్నాను. మళ్లీ తీస్తే పోతుంది, పెద్దనాయన ఎక్కడికి పోతాడులే అనుకున్నాను.

పోయాడు. ఆ ఏడు మామిడికాయలు దిగకముందే, గుండెనొప్పితో.

తిరుపతిలో స్టూడియో నడిపే స్నేహితుడు మురళి దగ్గరికి పరుగెత్తాను.

"పచ్చి ఫైలు అట్నే తెరుచుకోదప్పా. రసం కాస్తేనే గదా బెల్లమయ్యేది? మార్చే ప్రోగ్రాం కెమెరాతో వచ్చిన సీడీలో ఉంటాది. యాడుండాది అది?"

"చిలకలు రాకుండా జామచెట్టుకు కట్టినా."

"సరే, ఫైళ్లు తీసకరా. ఈడ నేను మారుస్తా."

"చెరిపేసినా."

"కార్డు?"

"దాంట్లో పెళ్లి నింపేసినా."

మురళి నవ్వలేదు. నవ్వుంటే బాగుండేది.

కర్మకు ఓటరు కార్డులోని బొమ్మనే పెద్దది చేసి దండ వేశాం. అందులో పెద్దనాయన ఎవరి మీదో కేసు పెట్టడానికొచ్చినట్టున్నాడు. పెద్దమ్మ దాన్ని చాలాసేపు చూసి నావైపు తిరిగింది.

"ఆ పొద్దు నవ్వినాడంటివే. ఎట్ల నవ్వినాడు నాయనా?"

మాటల్లో చెప్పడం చేతకాలేదు. తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వి చూపించాను. వీడికి మతి పోయిందని బంధువులు అనుకునే ఉంటారు.

పెద్దమ్మ పరీక్షగా చూసింది. "అట్ల గాదులే. నీకు ముందరి పండ్లుండాయి."

అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ రోజే ఏడుకొండల వైపు తిరిగి శపథం చేశాను: నాకు అర్థం కానంత మాత్రాన దేన్నీ చెడిపోయిందనను, ప్రాణం పోయినా చెరపను. దాన్ని ఈ నాటికీ తప్పలేదు.

తర్వాత పెద్దమ్మ ఎప్పుడడిగినా, పెదవితో పళ్లు కప్పుకుని నవ్వి చూపించేవాణ్ణి. ఆమె కళ్లు చిట్లించి చూసి, "ఇంగ కొంచిం" అనేది.