చెంబుడు నీళ్లు

నా తెలివితక్కువతనం ముందే ఒప్పేసుకుంటాను. ప్రభుత్వ విధానాలూ ప్రాంతీయ అభివృద్ధీ పాఠాలు చెబుతూ నెట్టుకొచ్చిన ఇన్నేళ్లలో, నా వల్ల నిజంగా అభివృద్ధి చెందిన ప్రాంతం నా నడుము ఒక్కటే. నా వల్ల చితికిన చోటు కూడా ఒకటుంది. అద్దంకి అవతల, కౌలుకు మిరప వేసే ఒకావిడ కళ్లం.

అక్కడి మిర్చికి ధర ఎందుకు పలకడం లేదో తేల్చమని ప్రభుత్వం నన్ను పంపింది. పొద్దున్నే వెళ్లేసరికి ఆవిడ ఎండిన కాయల రాశి మీద చేత్తో నీళ్లు చిలకరిస్తోంది. పక్కన కాయ తొక్కి నింపాల్సిన గోనె బస్తాలు, వాళ్ల మాటలో టిక్కీలు. నాకు కుర్చీ వేసి టీ ఇచ్చింది. టీ బాగుందన్నాను. నీళ్లెందుకని మాత్రం అడగలేదు. తూకం కోసమేనని నాకు ముందే తెలుసు కదా, చదువుకున్నవాణ్ణి. తేమ కొలిచే మిషన్ కారులో ఉంది. దాని అట్టపెట్టె కూడా విప్పలేదు. బరువు కోసం సరుకు తడుపుతున్నారని ఊరి పేరుతో సహా నివేదికలో రాసేశాను. దానికి నాకు మెప్పు వచ్చింది, ఆ వెనకే ప్రమోషనూ వచ్చింది.

మరుసటి పంటకు ఆవిడ ఫోన్ చేసింది.

"సారూ, మా ఊరి కాయంటే తడికాయేనంట. కొనేటాయన ఏదో కాయితం చూపిచ్చి రేటు కోసేశాడు. మీరే రాశారా?"

"నీళ్లు చల్లుతుంటే చూశానమ్మా."

"చల్లకపోతే టిక్కీలో ఎట్టా తొక్కేదండీ? పొడికాయ పటపటా ఇరిగి గింజంతా రాలిపోద్ది. కాయ మెత్తబడే పదునుకి చెంబుడు నీళ్లు. అడిగితే చెప్పేదాన్ని గదండీ, టీ తాగినంతసేపూ కూర్చున్నారు."

ఆవిడ అరవలేదు. తిట్టినా కాస్త తేలికపడేవాణ్ణి. ఆ రేటుకు గిట్టక సగం పొలం వదిలేసింది. తప్పు దిద్దమని పైకి లేఖ రాశాను. అది ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

ఈ ఏడాది మా విద్యార్థుల్ని ఆవిడ కళ్లానికి తీసుకెళ్లి, రాసినవాడి పేరు కనపడకుండా కొట్టేసిన ఆ నివేదికను చదివించాను. తర్వాత ఆవిడ పదును సంగతి వాళ్లకు చెప్పింది.

"సార్, ఇది రాసినాయన అసలు ఊళ్లోకి వచ్చాడంటారా?" అంది ఒకమ్మాయి.

"వచ్చాడమ్మా. టీ కూడా తాగాడు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నీళ్లు చల్లకుండా పొడికాయతోనే ఒక టిక్కీ పెట్టించి, చెప్పులు విప్పి నేనే దిగి తొక్కాను. పాదాలు భగ్గుమన్నాయి.

"కాయంతా ఇరుగుతోంది సారూ, ఇంక దిగండి."

"ఇరగనీయమ్మా. ఇది నాదే."

ఆ టిక్కీ కొని ఇంటికి తెచ్చి కారం పట్టించాను. ఆ నివేదిక రాసినవాడికి ఏడాది పొడవునా అదే కారం. భోజనం దగ్గర వాడికి నీళ్లు మాత్రం పెట్టొద్దని మా ఇంట్లో గట్టిగా చెప్పాను.