నా ఐఫోను, మా వదిన కళ్ళు

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని మోశాను. మోస్తున్నట్టు ఎవరికీ తెలియకుండా, నవ్వుతూ మోశాను. పైగా దాని మీద మెప్పు కూడా పుచ్చుకున్నాను. ఇవాళ పొద్దున దించేశాను. ఒళ్ళు తేలికపడింది. కొంచెం పొగరుగా కూడా ఉంది. తప్పు ఒప్పుకునే మనిషికి పొగరేమిటని మీరు అడగవచ్చు. నా స్వభావమే అంత, ఏం చెయ్యను? పేరు మాత్రం చెప్పను. మిగతాదంతా చెబుతాను, కూర్చోండి.

మాది ఏలూరు. తివాచీలు నేసే ఇల్లు. మా మామయ్యగారు చిన్నతనంలో ఇంకొకరి మగ్గం మీద కూలికి నేసి, తర్వాత సొంతంగా షెడ్డు వేసుకున్నారు. మగ్గాలు మా ఆయన చూసుకుంటారు. ఆయన అక్క, అంటే నాకు వదిన, పెళ్ళి వద్దనుకుని షెడ్డులోనే ఉండిపోయారు. రంగులన్నీ ఆవిడవి. రంగులో ముంచి ఆరబెట్టిన ఊలు చిలపను, అంటే దారపు కట్టను, పట్టుకుని, పొద్దుటి పూట షెడ్డు గుమ్మంలో నిలబడి, అటూ ఇటూ తిప్పి చూసేవారు. "ఇది కాదండీ, ఇంకోసారి ముంచండి" అంటే ముంచాల్సిందే. ట్యూబులైటు కింద రంగు చూడడం మా షెడ్డులో నిషేధం. గుమ్మంలోనే చూడాలి, ఎండ తగలని వెలుతురులో చూడాలి. అది మామయ్యగారు పెట్టిన పద్ధతి. ఆ గుమ్మంలో వదిన మాటే ఆఖరి మాట.

ఆర్డర్లు ఫోనులోకి వచ్చాక నాకు కడుపుమంట మొదలైంది. కొనేవాళ్ళు ఎక్కడెక్కడో ఉంటారు. మేము పంపిన ఊలు ఫొటో చూసి రంగు ఖాయం చేస్తారు. అంటే ఫోను ఎవరి చేతిలో ఉంటే వ్యాపారం వాళ్ళ చేతిలో ఉన్నట్టే. అది వదిన చేతిలో ఉండేది. నేను డిగ్రీ చదివాను, ఇంగ్లీషు మాట్లాడతాను, అయినా చిలపలు చుట్టుకుంటూ కూర్చునేదాన్ని.

షెడ్డుకి ఒక మంచి ఫోను ఖాయం చేసుకోవాలి, పదికాలాలు అదే నడవాలి, అన్నారు ఒకరోజు మామయ్యగారు. వదిన అప్పుడే కొత్త ఆండ్రాయిడ్ కొనుక్కున్నారు. దాన్నే ఉంచుదామన్నారు. నేతగాళ్ళందరి దగ్గరా అదే రకం ఉంది, పాడైతే ఏ కొట్లోనైనా బాగుచేస్తారు, పోతే తక్కువలో ఇంకోటి వస్తుంది. ఆవిడ చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. నేను ఐఫోన్ కావాలన్నాను. ఏళ్ళ తరబడి అప్‌డేట్లు వస్తాయి, పెద్ద బేరగాళ్ళ చేతుల్లో అదే ఉంటుంది, వాళ్ళు చూసేదీ మనం చూసేదీ ఒకేలా ఉంటుంది అన్నాను. నేను చెప్పిందాంట్లోనూ తప్పు లేదు. ఒకసారి అటో ఇటో దిగితే, పాత చాట్లూ ఫొటోలూ అన్నీ కట్టుకుని ఇవతలి గట్టుకి రావడం తేలిక కాదు. అందుకే ఇద్దరం పట్టుబట్టాం.

మామయ్యగారు తేల్చేశారు. మన గుమ్మంలో, మన వెలుతురులో పెట్టి చూద్దాం. ఒకే చిలపను రెండు ఫోన్లతో ఫొటో తీసి, ఫోన్లను ఆ చిలప పక్కనే పట్టుకుందాం. ఏది నిజం చెబితే అది ఉంటుంది.

తాడేపల్లిగూడెంలో మా తమ్ముడికి ఫోన్లు బాగుచేసే కొట్టుంది. ఐఫోన్ ఒకటి అడిగి తెచ్చుకోవడానికి అక్కడికి వెళ్ళాను. నేను ఉండగానే ఒకాయన స్క్రీను పసుపు పడిందని ఫోను పట్టుకొచ్చారు. తమ్ముడు పైనుంచి వేలితో కిందికి లాగి ఏదో నొక్కాడు, తెరంతా తెల్లబడింది. కళ్ళకి హాయిగా ఉండాలని పెట్టిన ఏర్పాటట, తెలియక నొక్కేసుకుని రోజూ ఎవరో ఒకరు వస్తారట. అందరం నవ్వాం. బస్సెక్కాక నేను నవ్వలేదు. అప్పుడే అనుకున్నానా? లేక గుమ్మంలో నిలబడ్డాక తోచిందా? ఎన్నిసార్లు నన్ను నేను అడుక్కున్నా, బస్సులోనే అనుకున్నాను అనే జవాబు వస్తోంది.

పరీక్ష రోజు వదిన తన ఫోను బల్ల మీద పెట్టి, చిలపలు తేవడానికి లోపలికి వెళ్ళారు. మా ఆయన మామయ్యగారికి కుర్చీ వేస్తున్నారు. నేను ఫోను తీసుకుని వేలితో కిందికి లాగాను. నొక్కాను. మరీ పసుపుగా కాకుండా, సగం దాకా పెట్టాను. ఎంత తెలివి చూడండి.

వదిన ఫోనులో నీలం పచ్చ తిరిగింది. క్రీము పసుపు దగ్గరికి వెళ్ళింది. నా ఫోనులో ఫొటో, పక్కనున్న చిలప కవలల్లా ఉన్నాయి. మామయ్యగారు మార్చి మార్చి చూసి, "చిన్నదాని ఫోనే నిజం చెబుతోంది" అన్నారు. ఆ మాట ఎంత తియ్యగా ఉందో ఇప్పటికీ చెప్పగలను. నేను దాచుకోను, ఆ రోజు గాల్లో తేలాను.

వదిన మాత్రం ఫోను వైపు కాక, చిలప వైపు చూస్తూ నిలబడిపోయారు. "నిన్నటిదాకా ఇది నాకు సరిగ్గానే కనబడిందండీ నాన్నగారూ. అయితే నా కళ్ళే పోయాయి కాబోలు" అన్నారు.

నేను అనుకున్నది ఇది కాదు. ఫోను ఓడిపోతుందనుకున్నాను, అంతే. మనిషి తన కళ్ళనే అనుమానిస్తుందని అనుకోలేదు. అప్పుడు చెప్పేయొచ్చు కదా? ఒక్క మాట కదా? నేనేం చేశానంటే, ఫోను ఆవిడకి తిరిగి ఇచ్చేముందు మళ్ళీ వేలితో లాగి, నేను పెట్టినదాన్ని ఆపేశాను. దాంతో మర్నాడు ఆవిడకి అందులో రంగులన్నీ బాగానే కనబడ్డాయి. అది చూసి ఆవిడ ఇంకా బెదిరిపోయారు. తన చూపు ఒకరోజు ఒకలా ఉంటోందని నమ్మేశారు. కంటి డాక్టరుకి చూపించుకోవడానికి వెళితే, ఆటోలో పక్కన కూర్చుని తోడు వెళ్ళింది కూడా నేనే. ఆ వయసుకి అందరికీ వచ్చే మామూలు అద్దాలు తప్ప వేరే ఏమీ అక్కర్లేదన్నారు డాక్టరుగారు. వదిన నమ్మలేదు. నేను తల ఊపుతూ కూర్చున్నాను.

అక్కడి నుంచి గుమ్మం నాది. ఐఫోన్ నాది. అబద్ధమాడి తెచ్చుకున్నాను కానీ, దాన్ని బాగా వాడాను. అప్‌డేట్లు వస్తూనే ఉన్నాయి, ఆర్డర్లు పెరిగాయి, మగ్గాలు పెరిగాయి. ఎవరు కొత్త ఫోను కొనాలన్నా ముందు నన్ను అడిగేవాళ్ళు. ఆదివారం చర్చి అయ్యాక నా చుట్టూ ఒక కొలువే ఉండేది. వదిన నా పాత చోటులో కూర్చుని చిలపలు చుట్టేవారు.

ఒకసారి కైకలూరులో రొయ్యల వ్యాపారి ఒకాయన కొత్త ఇంటి హాలుకి తివాచీ చేయించుకున్నారు. కొల్లేటి నీళ్ళ నీలం కావాలన్నారు. రంగు నేనే చూశాను. పరిచి రావడానికి అందరం వెళ్ళాం. ఆయన బాగుందన్నారు, మాకు చేపల పులుసుతో భోజనం పెట్టారు. తిరుగు బస్సులో వదిన, నీకు అది కాస్త పచ్చగా అనిపించలేదా అని నన్ను మెల్లిగా అడిగారు. అనిపించింది. అంచు పరిచినప్పుడే అనిపించింది. లేదు వదినా, నీలమే, అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కిటికీలోంచి చెరువుల వైపు చూస్తూ కూర్చున్నారు. మొదటిది ఫోను కోసం చేశాను. ఈ రెండోది దేనికోసం చేశాను? నా పరువు కోసం. నన్ను ఎక్కువగా తిన్నది ఈ రెండోదే.

ఇక ఇవాళ్టి సంగతి. ఐఫోన్ ముసలిదైంది. కొత్త అప్‌డేట్లు ఆగిపోయాయి, బ్యాంకు యాప్ మొరాయిస్తోంది. మళ్ళీ ఖాయం చేసుకోవాలి, ఇదా అదా అని. పొద్దున షెడ్డులో అందరం చేరాం. మామయ్యగారికి పెద్దవయసు, ఇదివరకటిలా పట్టించుకోవడం లేదు. చిన్నది ఏదంటే అదే అన్నారు. మా ఆయన సరేనన్నారు. అప్పుడు వదిన, చిలప చుట్టడం ఆపకుండానే, చిన్నదానికే తెలుస్తుందిలెండి, నా కళ్ళని నమ్ముకోలేం కదా అన్నారు. బాధతో అనలేదు. వాన వచ్చేలా ఉంది అన్నట్టు అన్నారు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అక్కడే నిలబడి అంతా చెప్పేశాను. తమ్ముడి కొట్టూ, వేలితో లాగడం, నొక్కడం, మళ్ళీ ఆపేయడం, కైకలూరు బస్సు, అన్నీ. మా ఆయన నన్ను ఎప్పుడూ చూడనట్టు చూశారు. మామయ్యగారు తల దించుకున్నారు.

వదిన చిలప పక్కన పెట్టారు. "ఆ రోజు క్రీము కూడా అందుకే పసుపు తిరిగిందా?"

"అందుకేనండి వదినా."

"కైకలూరు తివాచీ?"

"పచ్చగానే ఉందండి. మీరన్నదే నిజం."

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అన్నారు ఆవిడ. ఆ ముఖం మీరు చూడాల్సింది. పోయిందనుకున్న మనిషి వీధిలోంచి నడిచి వస్తే ఎలా వెలిగిపోతామో అలా వెలిగింది. అందులో నా తప్పుకి చోటు లేదు, నాకే చోటు లేదు.

క్షమించమని అడగబోయాను. ఆవిడ చేత్తో వారించారు.

"అది తర్వాత చూద్దాం. ముందు ఆ గుమ్మంలోంచి తప్పుకో అమ్మాయ్, వెలుతురుకి అడ్డంగా నిలబడ్డావు."

తప్పుకున్నాను.

వదిన రెండు రకాల ఫోన్లూ తెప్పించి, ముందు వేలితో కిందికి లాగి ఏవేం నొక్కి ఉన్నాయో చూసుకుని, అప్పుడు చిలప పక్కన పట్టుకున్నారు. రెండూ నిజమే చెబుతున్నాయన్నారు. అయినా ఆండ్రాయిడే తీసుకుందాం, అది నా చేతిలో ఉంటుంది అన్నారు. పాత చాట్లన్నీ అందులోకి చేరవేసే చాకిరీ నాకు పడింది. సంతోషంగా చేస్తున్నాను.

క్షమించారా? లేదు. పొద్దుటి నుంచి పని మాట తప్ప నాతో మాట్లాడలేదు. రేపు మాట్లాడతారో లేదో తెలియదు. కానీ ఇది రాస్తుండగా షెడ్డులోంచి ఆవిడ గొంతు వినబడుతోంది. నిన్న నేను బాగుందని పక్కన పెట్టిన ఎర్ర చిలపను గుమ్మంలో పట్టుకుని చూస్తున్నారు.

"ఇది కాదండీ, ఇంకోసారి ముంచండి."