పుర్రచేతి ఉంగరం

మా ఆడపడుచుది పుట్టుకతోనే పుర్రచెయ్యి. వెండిపని నేర్పిన అన్న, అంటే మా ఆయన, ఆ చేతిని బల్ల దగ్గరికి రానివ్వలేదు. దీపం, చెక్కదిమ్మ, ఉలులు అన్నీ కుడిచేతి వాటానికే అమర్చి ఉండేవి. ఇరవై ఏళ్లు కుడిచేత్తోనే చెక్కింది. గీత వంకరపోతే ఆయన ఉంగరం కరిగించేసేవారు. అందుకే వంకర కనబడితే ఆమె చెయ్యి దిద్దకుండా ఊరుకోదు.

ఆయన పోయిన ఎనిమిదో నెలలో మ్యూజియం మేడమ్ వచ్చింది. అద్దాల పెట్టెలో ఉన్న వెనకటి కాలపు వెండి ఉంగరానికి అచ్చం జోడీ కావాలంది, వచ్చినవాళ్లు వేలికి పెట్టుకుని చూడటానికి. దాని మీద పక్షి, రెక్క నిండా సన్న గీతలు. అన్న లేకుండా మా ఆడపడుచు ఒప్పుకున్న మొదటి పని అదే.

చేసిచ్చింది. మేడమ్ తిప్పి తిప్పి చూసి, "బాగుందమ్మా. అదే చిక్కు. మా పక్షి ఇంత బుద్ధిమంతురాలు కాదు," అంది. పాత పనివాడి తప్పులన్నీ మా ఆడపడుచు దిద్దిపెట్టింది మరి! శుక్రవారం దాకా గడువిచ్చి వెళ్లింది.

రెండోసారి కావాలని వంకరలు పెట్టింది. దొంగ వంకరలని నాకే తెలిసిపోయింది.

"ఆ పనితనం వాడితోనే పోయిందే. ఇక ఆ పనిగదికి తాళం వేసెయ్యండి," అంది అత్తయ్య గుమ్మంలోంచే.

గురువారం పొద్దున మా ఆడపడుచు, మేడమ్ ఇచ్చిన పాత ఉంగరం ఫోటో మీద భూతద్దం పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"వదినా, ఇలా రా! ఈ గీతలు ఎటు వాలాయో చూడు."

"సరుకుల చీటీలో నీ అక్షరాలు ఇలాగే పడుకుంటాయి కదే."

"అదే! వీడూ నాలాంటివాడే వదినా, పుర్రచేతివాడు!"

నవ్వింది. అంతలోనే ఆగిపోయింది. ఉలి దగ్గరికి ఎడమచెయ్యి పోలేదు. "అన్నయ్య తిడతాడు," అంది.

ఆ బల్ల మీద ఆయన పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రోజూ దుమ్ము దులిపి మళ్లీ అక్కడే పెట్టేదాన్ని. నేనే దీపం ఎత్తి, ఎడమచేతి నీడ పని మీద పడకుండా కుడివైపుకి జరిపాను.

"తిడితే నన్ను తిట్టమను," అన్నాను.

ఇద్దరం దిమ్మ ఊడదీసి ఎడమచేతి వాటానికి బిగించాం. ఉలి ఎడమచేతికి మారింది. మొదటి గీతకే తనలో తాను తల ఊపుకుంది. సాయంత్రానికి రెక్క నిండింది. ఒక్కటీ దిద్దలేదు.

మర్నాడు మ్యూజియంలో మేడమ్ పాత ఉంగరం తీసి, పాతదిలా కనబడాలని నలుపు పట్టించిన మా ఉంగరం పక్కన పెట్టింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. కళ్లజోడు తుడుచుకుంది.

"ఇందులో మాది ఏదమ్మా?"

"మీది మీకే తెలియకపోతే ఎలా మేడమ్?" అంది మా ఆడపడుచు, తల ఎత్తి.

ఇంకో ఆరు చేసిమ్మన్నారు.

ఇంటికి రాగానే అత్తయ్య అడిగింది. "ఏ చేత్తో చేశావే?"

"పుర్రచేత్తోనే."

అత్తయ్య ఆ చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది. "చిన్నప్పుడు దీని మీద ఎన్ని దెబ్బలు వేశానో," అంది. నా వైపు తిరిగింది.

"ఆ తాళంచెవి ఇలా పడెయ్. రేపు పొద్దున గది నేను తీస్తా."