పట్టపగలు గుద్దుకున్న ఓడలు

మా పక్కింటి కాక పోయాడు. బుధవారం పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసి, "తమ్మీ, దవఖానలకెళ్లి ఫోనొచ్చింది. మామ లేడు" అంది. కరోనా రోజులు కదా, శ్మశానానికి ఇద్దరినే రానిచ్చారు. మగ్గాల పనికి వలస వచ్చి గోడాదరాలో స్థిరపడ్డ మా తెలుగు గల్లీ అంతా మాస్కులతో గుమ్మాల్లోనే నిలబడింది. ఆయనతో సగం వాదన ఇంకా మిగిలి ఉన్న నాకు మాత్రం ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

మీలో చాలామందికి ఆయన హజీరాలో ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కూర్చునే ముసలాయనగానే తెలుసు. అంతకు ముందు నేవీలో పదిహేనేళ్లు లుకౌట్ పని చేశాడు. అంటే ఓడ మీద నిలబడి, ఎదురుగా ఏమొస్తోందో కళ్లతో చూసి ఆఫీసరుకు చెప్పాలి. కరీంనగర్ వైపు బావినీళ్లు తప్ప ఎరగని ఊళ్లో పుట్టిన మనిషి!

మొదటి లాక్‌డౌన్‌లో సాంచాలు, మేం నడిపే మరమగ్గాలు, బందయ్యాయి. నేను దొరికిన కరపత్రమల్లా చదివి తల వేడెక్కి ఉన్నాను. ఎక్కడెక్కడో యుద్ధనౌకలు సరుకు ఓడలను గుద్దుకున్నాయనీ, అది హ్యాకర్ల పనేననీ ఫోన్‌లో చూశాను. ఇంకేం, మూడు రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాసేశాను. 'మనిషి తప్పు' అన్నది పైవాళ్లు కిందివాళ్ల మీద రుద్దే మాట, అసలు దోషి కంప్యూటర్లో దూరిన శత్రువు, ఇదీ నా సిద్ధాంతం. మిద్దె మీద కాకకు గొంతెత్తి చదివి వినిపించాను.

అంతా విని, "మంచిగ రాసినవ్. గని కిటికీలకెళ్లి ఎవ్వడు సూడలేదా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. గల్లీ చివర పాల టెంపో ఒకటి మలుపు తిరిగింది. ఆయన నా వేలు పట్టుకుని పిట్టగోడ మీద నిలువుగా ఆనించి, దాని మీదుగా బండిని చూడమన్నాడు. "వేలు పక్క నుంచి బండి జరిగిందనుకో, తప్పిపోతది. జరగకుండ పెద్దగైతుందనుకో, నీ మీదికే వస్తుంది. మా సదువంత గింతే. హ్యాక్ గాదని నేనంటలేను బిడ్డా. కంప్యూటర్ అబద్ధం చెప్తదేమో, వేలు చెప్పదు గద."

ఆ వారమంతా నాకు పండగే. పాల బండ్లకూ పోలీసు జీపులకూ, చివరికి చీపురు పట్టుకుని వస్తున్న మా అమ్మకూ వేలు పెట్టి చూశాను. అమ్మ ఏమాత్రం పక్కకు జరగలేదు.

కానీ వాదన ఆగలేదు. ఒక సాయంత్రం, "అయితే తప్పు నావికులదే అంటవా? నువ్వు గూడ దొరల మాటే మాట్లాడవడితివి. ముసలోనివైనవ్, నీకేం తెల్వదు" అని అరిచాను. కాక నోరు మూసుకున్నాడు. తర్వాత మెల్లగా, "సూసినవా? నువ్వు అరిసినవ్, నేను ఊకున్న. గిట్లనే గుద్దుకున్నయ్ మా ఓడలు" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ఓడ పేరు మాత్రం చెప్పలేదు. నిండు మధ్యాహ్నం, కుడివైపు ఒక సరుకు ఓడ. వేలు దగ్గర నుంచి కదలడం లేదు. ఆఫీసరుకు చెప్పాడు. "రాడార్‌ల చూస్తున్న, పక్కకు పోతది" అన్నాడు ఆఫీసరు. ముందు వారమే చేపల పడవను చూసి కాక తొందరపడి కేకేస్తే, అదే ఆఫీసరు "కండ్లద్దాలు కొనుక్కో" అని అందరి ముందు నవ్వించాడు. అందుకే కాక రెండోసారి నోరు విప్పలేదు. ఓడ పెద్దదవుతూనే ఉంది. ఆ గుద్దుకు వంటాయన కాలు పోయింది. విచారణలో కాక "నేను చెప్పిన" అన్నాడు. అబద్ధం కాదు. ఆఫీసరు కొలువు పోయింది. కాకకు ఏమీ కాలేదు.

"మీ రాడార్‌ను గూడ ఎవడన్న హ్యాక్ జేసిండేమో కాకా" అన్నాను, ఆయన్ని ఎలాగైనా గట్టెక్కించాలని.

"మా ఓడల కంప్యూటరే లేకుండె, ఏం హ్యాక్ జేస్తడురా" అని నవ్వాడు. ఆ వెంటనే, "గీ ముచ్చట నీ కాయితంల రాయి. ఒక్కసారి చెప్పి ఊకున్నోడు గూడ గుద్దినోడే అని రాయి. మంది సలాం కొడుతుంటే నాకు బరువైతుంది" అన్నాడు.

రాయనన్నాను. గల్లీ అంతా గౌరవించే మనిషిని నా చేతులతో ఎలా దించను? ఆనాటి నుంచి నేను కనిపిస్తే చాలు, తిన్నవా అనడం మాని "రాసినవా?" అని అడిగేవాడు. నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి.

ఇప్పుడు రాస్తున్నాను. పాత నాలుగు పేజీలూ చింపేశాను. శత్రువు కంప్యూటర్లో దూరవచ్చు, కాదనను. కానీ మనిషి తప్పు అన్న మాటకు ఇక భయపడను. ఏ మనిషి నోరు మూసుకున్నాడు, ఎవరు మూయించారు అని అడుగుతాను. సాంచాల దగ్గరా అడుగుతాను. అరవకుండా అడగడం నాకింకా రాదు, నేర్చుకుంటాను.

దవఖానా నుంచి ఆయన చివరిసారి ఫోన్ చేసినప్పుడు, మాట మాటకూ మధ్య ఊపిరి అందడం లేదు. ఎన్నడూ చెప్పని సంగతి అప్పుడు చెప్పాడు. "గుద్దుకున్నంక రెండు ఓడలు ఆనుకొని నిలవడ్డయ్. నా ఎదురుంగ అవుతలి ఓడ మీద ఒకడు. నా లెక్క కాపలోడే. చేతుల చాయ్ గ్లాసు. గంత పెద్ద ఓడ గద, సుక్క గూడ ఒలకలే. వాని మొకం జూస్తే ఎరుకైంది, వాడు గూడ ముందే సూసి ఊకున్నోడే."

"ఏమన్నడు కాకా?"

"ఏమంటడు. నన్ను సూసిండు. నేను వాన్ని సూసిన."

అంతే. నిండు ఎండ, కదలని నీళ్లు, చేయి చాస్తే అందేంత దూరంలో ఇద్దరు మనుషులు. ఆ గ్లాసులోంచి ఇంకా ఆవిరి వస్తూనే ఉంది.