నాలుగో క్రేన్ సార్

ఖతార్‌లో నా ఆఖరి పోస్టింగు ముషైరిబ్ దగ్గర ఒక టవర్ సైటులో, లిఫ్టింగ్ విభాగం శిక్షకుడిగా. మధ్యాహ్నపు ఎండలో బయటి పని ఆపాలనే నిబంధన జూన్‌లో మొదలైన వారమే చేరాను. ఆ ఎండకు హెల్మెట్ మీద అప్పడాలు కాల్చుకోవచ్చు. నేను నాలుగు కాల్చాను, ఐదోది మాడింది.

క్రేన్ డ్రైవరుకు నేల మీంచి సైగలిచ్చేవాణ్ణి సిగ్నల్‌మన్ అంటారు. బరువు లేపే ముందు అతను రేడియోలో తన సూపర్‌వైజరును పేరుతో పిలిచి అనుమతి తీసుకోవాలి. ఒకే ఛానల్లో ఆరు క్రేన్లుంటాయి. ఉత్త ‘సార్’ అంటే ఆరుగురు సార్లూ పలుకుతారు, ఎవరి ‘ఓకే’కి ఏ బరువు లేస్తుందో తెలియదు.

నాలుగో క్రేన్ సిగ్నల్‌మన్ జగిత్యాల మల్లేశం ఈ పిలుపు పరీక్షలో రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ ‘సార్’ అనే అన్నాడు. మూడోసారీ తప్పితే సిగ్నల్‌మన్ కార్డు రద్దు. రేడియో అప్పగించేసి, మళ్ళీ హెల్పరుగా పార పట్టాలి.

లోపం పేరులో ఉందని నేను తీర్మానించాను. అతని సూపర్‌వైజరు లెవెలిన్ వేల్స్ మనిషి. ఇలా రాశానే గానీ, ఆ మొదటి అక్షరం మన యాభై ఆరింటిలో లేదు. నాలుక కొస పైపళ్ళ వెనక ఆనించి, గొంతు మోగనీయకుండా పక్కల నుంచి గాలి వదలాలి. నేను సాధన చేస్తే బల్లమీది ఫైళ్ళు ఎగిరి దోహా సముద్రంలో పడ్డాయి. ఐదో క్రేన్ ఇంగ్లీషాయనది ఇంకో తీరు. రాస్తే చోల్మొండెలీ, పిలిస్తే చమ్లీ. తక్కిన అక్షరాలను లగేజీ ఎక్కువైందని విమానాశ్రయంలో దింపేసి ఉంటారు.

రెండు వారాలు మల్లేశానికి గాలి ఊదడం నేర్పాను. ఒకరోజు భోజనాల షెడ్డులో లెవెలిన్ గొంతు వినిపించి లేచి నిలబడ్డాను. తీరా చూస్తే మల్లేశం! ఆయన తనను తాను పరిచయం చేసుకునే తీరును, ఆ అక్షరంతో సహా, తోటివాళ్ళకు వినిపిస్తున్నాడు.

“ఇంత బాగా వచ్చి పరీక్షలో అనవేమయ్యా?”

“రాక కాదు సార్. ఆయన మా నాయిన ఈడోడు. పెద్దమనిషిని పేరు వెట్టి పిలుస్తరా? మా అవ్వకు తెలిస్తే దుబాయ్ దాక వచ్చి చీపురుతోటి కొడ్తది.”

“ఇది ఖతార్.”

“ఆమెకు అన్నీ దుబాయే సార్.”

“మరి ఇప్పుడు వెక్కిరించావుగా?”

“ఎనుక ఎన్నన్న అనుకుంటం. ముంగట అంటమా?”

సంగతి లెవెలిన్‌కు చెప్పాను. ఆయన నవ్వలేదు. తమ ఊళ్ళో ఇంటికో లెవెలిన్ ఉంటాడనీ, అందుకని పాల లెవెలిన్, పోస్టు లెవెలిన్ అని పనినిబట్టి పిలుచుకుంటారనీ చెప్పి, క్రేన్ నంబరుతో పిలిచినా చెల్లుతుందని పద్ధతి పత్రంలో ఒక వాక్యం చేర్పించాడు.

మూడో పరీక్షలో మల్లేశం రేడియో నొక్కాడు. “క్రేన్ ఫోర్ సార్, లోడ్ రెడీ.” ఐదుగురు సార్లు ఊరుకున్నారు. ఒక్కరే పలికారు. బరువు లేచింది. కార్డు నిలిచింది.

ఆ తరువాత రిటైరయ్యేదాకా, శిక్షణలో ఎవరైనా ఒక మాట అనకపోతే, నోరు తిరగడం లేదా, నోరు రావడం లేదా అని ముందు అడిగేవాణ్ణి. మొదటిదైతే మనిషికి సాధన కావాలి. రెండోదైతే పద్ధతి మారాలి.